రెండు గుమ్మాల ఇల్లు
— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో తిరిగేవాళ్ళలో పెద్ద మసీదును చూడని వాళ్ళు వుండరు. దాని గుమ్మం మీద వున్న పారశీక శాసనాన్ని పట్టించుకున్న వాళ్ళు మాత్రం బహు కొద్దిమంది. అది 1324వ సంవత్సరం నాటిది. ఢిల్లీ సుల్తాను ఘియాసుద్దీన్ తుగ్లక్ పేరు అందులో వుంది. అంతకు ముందటి యేడు, అనగా 1323లో, సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకుని ప్రతాపరుద్ర చక్రవర్తిని బందీగా ఢిల్లీ దారి పట్టించాడు. ఆ దండే మన గోదావరి గట్టు దాకా వచ్చింది. మసీదు వున్న చోట అంతకు ముందు వేణుగోపాలస్వామి ఆలయం వుండేదని స్థల చరిత్ర చెప్తుంది. ఈ సంగతులు మన ప్రాంతపు చరిత్ర చదివిన వాళ్ళకు తెలిసినవే.

అయితే దానితో కలిపి చదవవలసిన సంగతి ఇంకొకటి వుంది. ఆ శాసనం చెక్కుతున్న రోజుల్లోనే, ఆ సుల్తాను కోటకు కొద్ది మైళ్ళ దూరంలో, యమునా నది వొడ్డున ఒక ముసలి ఫకీరు వుండేవాడు. ఆయనా ముస్లిమే. యెనభై యేళ్ళ వయసు. ఆయన వంటశాలలో రోజూ వేలమంది తినేవారు. ఆయన కళ్ళ ముందే ఢిల్లీ గద్దె మీద యెందరో సుల్తానులు మారారు. వారిలో యే ఒక్కరి దర్బారుకూ ఆయన తనంతట తానుగా వెళ్ళి సలాము పెట్టలేదు. ఆయనే హజరత్ నిజాముద్దీన్ ఔలియా.

నేను సైన్సు విద్యార్థిని. చరిత్ర నా సబ్జెక్టు కాదు. ఉర్దూ, పారశీకాలు నాకు రావు. అయినా ఈ మహనీయుని జీవితాన్ని గూర్చి చదివినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అధికారం వున్నవాడికి దగ్గరగా వుంటే నలుగురికీ మేలు చెయ్యగలమా, దూరంగా వుంటేనే చెయ్యగలమా? మన సావనీర్ చదివే విద్యార్థి మిత్రులకూ, పాఠాలు చెప్పే గురువులకూ, చదువు ముగించి ఉద్యోగాల్లో వున్న పాత విద్యార్థులకూ కూడా ఇది తప్పించుకోలేని ప్రశ్న అని నా నమ్మకం. అందుచేత ఆయన కథను నాకు అర్థమైనంత వరకు ఇక్కడ చెప్తాను.

పాత ప్రశ్న

ఇస్లాంలో ఈ ప్రశ్న చాలా పాతది. పరిపాలన చేసేవారికి విధేయులుగా వుండమని ఖురాన్ చెప్పింది. రాజు గుమ్మం పట్టుకు తిరిగేవాడు పరీక్షలో పడతాడని ప్రవక్త హెచ్చరించినట్టు హదీసు గ్రంథాల్లో వుంది. దుర్మార్గుడైన పాలకుని యెదుట న్యాయమైన మాట చెప్పడం గొప్ప ధర్మపోరాటమనీ వాటిలోనే వుంది. అంటే కత్తి పట్టుకుని తిరగబడమని కాదు. చేతులు కట్టుకుని నిలబడమనీ కాదు. రెంటికీ మధ్య సన్నని గట్టు మీద నడవాలన్నమాట.

ఆ నడక అందరికీ ఒకలాగా కుదరలేదు. ఇమాం అబూ హనీఫా అంతటి పండితుడు, ఖలీఫా అల్ మన్సూర్ ఇస్తానన్న న్యాయాధిపతి పదవిని కాదని చెరసాల పాలయ్యాడు. 767లో బాగ్దాదులో కన్నుమూశాడు. ఆయన ముఖ్య శిష్యుడు అబూ యూసుఫ్ మాత్రం తరువాతి కాలంలో ఖలీఫా హారూన్ అల్ రషీద్ దగ్గర ప్రధాన న్యాయాధిపతి అయ్యాడు. గురువుది ఒక దారి, శిష్యుడిది ఒక దారి. 1111లో మరణించిన ఇమాం గజాలీ దీనిని మూడు మెట్లుగా విడగొట్టి చెప్పాడు. పండితుడు రాజు దగ్గరకు పోవడం అన్నింటి కంటె చెడ్డది. రాజే పండితుని దగ్గరకు రావడం దానికంటె నయం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా వుండడం అన్నింటి కంటె క్షేమం.

మా డెల్టా రైతులకు ఈ లెక్క పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. కాలవ చివరి చేలకు వంతు నీళ్ళు దిగాలంటే పైన తూము యెవరి మాట మీద లేస్తుందో వాళ్ళకు నమస్కారం పెట్టాలి. పెట్టిన నమస్కారానికి నీళ్ళు వస్తాయి. కాని మరుసటి యేడు అదే మనిషి తప్పు చేస్తున్నాడని తెలిసినా నోరు పెగలదు. శివారు రైతు కొడుకుగా ఇది నేను ఇంట్లో చూస్తూ పెరిగిన సంగతే. నిజాముద్దీన్ ఔలియా జీవితం నాకు అర్థమయింది కూడా ఇటు నుంచే.

బదాయూన్ బాలుడు

ఆయన తాతలు మధ్య ఆసియాలోని బుఖారా నుంచి మన దేశానికి వలస వచ్చినవారు. ఆయన 1240 ప్రాంతంలో, ఇప్పటి ఉత్తరప్రదేశ్ లోని బదాయూన్ పట్టణంలో పుట్టాడు. ఇంకా పసితనం వదలకముందే తండ్రి పోయాడు. తల్లి బీబీ జులేఖా నానా కష్టాలు పడి పిల్లలను పెంచింది. ఇంట్లో గింజ లేని రోజున ఆమె కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ పూట మనం దేవుడింటికి చుట్టాలం అని చెప్పేదట. పిల్లవాడికి ఆ మాట యెంత నచ్చిందంటే, వరసగా నాలుగు రోజులు తిండికి లోటు లేకపోతే, మళ్ళీ చుట్టాలయ్యే రోజు యెప్పుడొస్తుందమ్మా అని అడిగేవాడట. పస్తును కూడా మర్యాదగా మార్చి చూపిన తల్లి ఆమె. ముందు ముందు సుల్తానులు పంపిన పత్రాలను ఆయన వెనక్కి తిప్పగలిగాడంటే దానికి పునాది ఇక్కడే పడిందని నాకు తోస్తుంది. ఆకలికి భయపడేవాడు రాజుకు కూడా భయపడి తీరాలి.

పదహారేళ్ళ ప్రాయంలో పై చదువుల కోసం తల్లితోనూ, సోదరితోనూ ఢిల్లీ చేరాడు. అక్కడ హదీసు చెప్పిన గురువు మౌలానా కమాలుద్దీన్ జాహిద్. ఆ గురువును సుల్తాను బల్బన్ పిలిపించి, తనకు నమాజు చేయించే ఇమాముగా వుండమని కోరాడు. మా దగ్గర మిగిలింది ఈ నమాజు ఒక్కటే, దాన్ని కూడా ప్రభువులు తీసుకోదలిచారా అని ఆయన అడిగేసరికి బల్బన్ అంతటి వాడు మాట్లాడలేక పంపించివేశాడు. నిజాముద్దీన్ చదువుకున్నది ఇటువంటి గురువు దగ్గర.

అయినా కుర్రతనంలో అందరికీ వుండే ఆశలే ఆయనకూ వున్నాయి. ఖాజీ ఉద్యోగం రావాలని కోరిక. ఆ రోజుల్లో ఖాజీ అంటే ఇప్పటి జడ్జి వంటి హోదా, సుల్తాను చేతి జీతం. పొరుగున వుండే షేక్ నజీబుద్దీన్ అనే పెద్దమనిషి దగ్గరకు వెళ్ళి, నేను ఖాజీ అయ్యేటట్టు ప్రార్థన చెయ్యండని అడిగాడు. నువ్వు ఖాజీవి కావద్దు, వేరే యేదైనా అవ్వు అన్నాడు ఆయన. ఆ నజీబుద్దీన్ యెవరో కాదు, పంజాబులోని అజోధన్ లో వున్న మహా సూఫీ బాబా ఫరీద్ కు స్వయానా తమ్ముడు.

అజోధన్ దారి

నా వయసు ఇప్పుడు ఇరవై. నిజాముద్దీన్ కూడా తన ఇరవయ్యో యేటనే ఖాజీ ఉద్యోగం మాట మరిచిపోయి అజోధన్ కు బయలుదేరాడు. ఆ వూరు ఇప్పుడు పాకిస్తాన్ లో పాక్‌పట్టన్ అనే పేరుతో వుంది. బాబా ఫరీద్ మఠంలో అంతా పేదరికమే. అడవిలో దొరికే కాయలు ఉడకబెట్టుకు తినేవారు. ఉప్పు దొరికిన రోజు పండగ. ఒకనాడు ఉప్పు లేదని నిజాముద్దీన్ కొట్టులో అరువు మీద కొంచెం ఉప్పు తెచ్చి కూరలో వేశాడు. బాబా ఫరీద్ ముద్ద చేతిలోకి తీసుకుని, ఇది తినడానికి చెయ్యి రావడం లేదు, యేమి కలిపారని ఆరా తీశాడు. అరువు సంగతి తెలిసిన తరువాత, ఫకీరు పస్తుండి చావవచ్చు గాని నాలిక రుచి కోసం అప్పు చెయ్యరాదని మందలించాడు. ఆ పాఠం ఆయన జీవితాంతం మరవలేదు.

అదే మఠంలో మరో పాఠం కూడా వుంది. బల్బన్ ఇంకా మంత్రిగా వున్న రోజుల్లో సుల్తాను తరపున బాబా ఫరీద్ దగ్గరకు కొంత డబ్బూ, నాలుగు గ్రామాల దానపత్రమూ తీసుకు వచ్చాడు. బాబా డబ్బు పుచ్చుకుని అక్కడికక్కడే ఫకీర్లకు పంచిపెట్టించాడు. గ్రామాల పత్రం మాత్రం వెనక్కి ఇచ్చేశాడు, ఇటువంటివి కావాలనేవాళ్ళు చాలామంది వున్నారు వాళ్ళకివ్వమని. ఈ తేడాను మనం గమనించాలి. పంచిన డబ్బు ఆ పూటకే అయిపోతుంది. భూమి అలా కాదు. యేటేటా ఫలసాయం వస్తుంది, యేటేటా ఇచ్చినవాడు గుర్తుకొస్తాడు. కోపం వస్తే తిరిగి తీసుకుంటాడు. ఇచ్చిన చెయ్యి యెప్పుడూ మీద వుంటుంది. భూమి మీద బతికే కుటుంబంలో పుట్టినవాడికి ఈ బంధం యెంత గట్టిదో చెప్పనవసరం లేదు.

ఘియాస్పూర్ వంటశాల

బాబా ఫరీద్ 1265లో పరమపదించాడు. అంతకు ముందే నిజాముద్దీన్ ను తన ప్రతినిధిగా నియమించి ఢిల్లీ పంపాడు. ఢిల్లీలో ఆయన చాలాకాలం ఇల్లిల్లూ మారుతూ ఇబ్బందులు పడ్డాడు. చివరకు వూరికి దూరంగా యమున వొడ్డున ఘియాస్పూర్ అనే పల్లెలో స్థిరపడ్డాడు. మొదట్లో అక్కడా పస్తులే. సుల్తాను జలాలుద్దీన్ ఖిల్జీకి ఇది తెలిసి, ఖర్చులకు ఒక గ్రామం ఇస్తానని కబురు పెట్టాడు. నిజాముద్దీన్ వద్దన్నాడు. శిష్యుల్లో కొందరు, మీరు వుండగలరు గాని మేము ఆకలికి ఆగలేము అన్నారు. ఆయన కోప్పడలేదు. తనతో పాటు వున్న పాత స్నేహితులను పిలిచి సలహా అడిగాడు. ఇప్పుడు నీ ఇంట్లో రొట్టె తింటున్నాం, ఆ గ్రామం పుచ్చుకుంటే మంచినీళ్ళు కూడా ముట్టమని వాళ్ళు తేల్చి చెప్పారు. నాకు కావలసిన మాట మీరన్నారని ఆయన యెంతో సంతోషించాడట.

క్రమంగా ఆయన పేరు వూరూరా పాకింది. అడగకుండా వచ్చిన కానుకలు వరదలాగా వచ్చాయి. వాటికి ఆయన పెట్టుకున్న నియమం సులువైనది: యెవరినీ అడగకూడదు, వచ్చినదాన్ని దాచకూడదు, షరతుతో వచ్చినదాన్ని ముట్టకూడదు. శుక్రవారం నమాజుకు బయలుదేరే ముందు కొట్లన్నీ ఖాళీ చేయించి చీపురు పెట్టి వూడిపించేవాడు. హిందువులు, ముస్లిములు, సిపాయిలు, కూలీలు, రచయితలు, ప్రభువుల బిడ్డలు అందరూ ఆ గుమ్మం యెక్కేవాళ్ళు. అందరికీ భోజనం వుండేది. ఆయన మాత్రం దాదాపు రోజూ ఉపవాసమే. తెల్లవారుజామున ముద్ద పెట్టుకోబోతే, మసీదు అరుగుల మీదా అంగళ్ళ ముందూ పస్తులతో పడుకున్న వాళ్ళు గుర్తుకొచ్చి మింగుడు పడేది కాదట.

రెండు గుమ్మాలు

ఇంత పేరు వచ్చిన తరువాత సుల్తానులు వూరుకుంటారా? జలాలుద్దీన్ దర్శనానికి వస్తానన్నాడు. ఈయన వద్దన్నాడు. చెప్పకుండా వెళ్ళిపోదామని సుల్తాను రహస్యంగా నిశ్చయించాడు. ఆ రహస్యం ఆస్థాన కవి అమీర్ ఖుస్రోకి తెలుసు. ఆయన నిజాముద్దీన్ కు ప్రియశిష్యుడు. వెళ్ళి గురువు చెవిన వేశాడు. గురువు వెంటనే అజోధన్ కు ప్రయాణమైపోయాడు. సుల్తాను ఖుస్రోను నిలదీస్తే, ప్రభువులకు కోపం వస్తే నా ప్రాణం పోతుంది, గురువుకు కోపం వస్తే నా విశ్వాసమే పోతుందని జవాబు చెప్పాడు. జలాలుద్దీన్ తెలివైనవాడు, ఆ మాటకు మెచ్చుకున్నాడు.

తరువాత వచ్చిన అల్లావుద్దీన్ ఖిల్జీ 1296 నుంచి 1316 వరకు పాలించాడు. మొదట ఆయనకు ఈ ఫకీరు మీద అనుమానం. ఇంతమంది జనం వెంట వున్నవాడికి రాజ్యం మీద ఆశ వుండదా అని. పరీక్షించడానికి రాజ్య వ్యవహారాల్లో సలహా ఇమ్మంటూ ఒక ఉత్తరం రాసి, కొడుకు ఖిజర్ ఖాన్ చేత పంపించాడు. నిజాముద్దీన్ ఆ ఉత్తరం విప్పనే లేదు. ఫకీర్లకు రాజుల పనులతో యేమి పని, నేను ఒక మూల కూర్చుని సుల్తాను కోసమూ ప్రజల కోసమూ ప్రార్థన చేసుకుంటున్నాను, ఇది కూడా ఇష్టం లేకపోతే దేవుడి భూమి విశాలంగా వుంది, వెళ్ళిపోతానన్నాడు. అల్లావుద్దీన్ మనసు కుదుటపడింది. ఆ తరువాత తానే దర్శనానికి వస్తానని కబురు పెట్టాడు. ఆ రావలసిన అవసరం లేదు, నేను ఇక్కడి నుంచే ప్రార్థిస్తాను, పట్టుపట్టి వస్తే మాత్రం నా ఇంటికి రెండు గుమ్మాలున్నాయి, సుల్తాను ఒకదాంట్లోంచి వస్తే నేను రెండోదాంట్లోంచి వెళ్ళిపోతానని ఈయన జవాబు పంపాడు. ఇరవై యేళ్ళు ఒకే వూళ్ళో వుండి వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఈ చోట మన తెలుగుదేశం కథలోకి వస్తుంది. 1309లో మాలిక్ కాఫర్ ఓరుగల్లు మీదికి దండెత్తి వచ్చాడు. దారిలో తపాలా చౌకీలు తెగిపోయి ఢిల్లీకి కొన్నాళ్ళ పాటు వార్త లేదు. అల్లావుద్దీన్ ఆదుర్దా పడి ఇద్దరు పెద్దలను నిజాముద్దీన్ దగ్గరకు పంపి, సేన గతి యేమయిందని అడిగించాడు. ఈ విజయమే కాదు, ఇంకా విజయాలు వున్నాయన్న అర్థం వచ్చేటట్టు ఆయన మాట్లాడాడనీ, ఆ రోజే ఓరుగల్లు లొంగిన వార్త వచ్చిందనీ ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు. తెలుగువాడిగా ఈ ఘట్టం చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. దర్బారుకు దూరంగా వున్న మహాత్ముడు ఆ దర్బారు చేసే దండయాత్రను ఆపలేదు. రాజుకు దూరంగా వుండడమంటే రాజు చేసే అన్యాయాలన్నింటికీ అడ్డు నిలబడడం అని మనం అనుకోరాదు. ఆ దూరం వల్ల సాధించింది వేరు. ఆయన నోట పలికిన మాటకు ధర కట్టే అవకాశం యెవరికీ లేకపోయింది.

శిష్యుల విషయంలో కూడా ఆయన పట్టింపు గట్టిదే. ఖాజీ ముహియుద్దీన్ కాషానీ అనే పండితుడు శిష్యుడైన రోజున తన జీతభత్యాల ఫర్మానాను గురువు యెదుటే చింపివేశాడు. తరువాత పిల్లలు పస్తులు పడుతుంటే చూడలేకపోయాడు. అల్లావుద్దీన్ అవధ్ ఖాజీ పదవి ఇస్తానన్నాడు. ఆయన గురువు దగ్గరకు వచ్చి సంగతి చెప్పాడు. ఈ ఆలోచన ముందు నీ మనసులో పుట్టి వుంటుంది, తరువాతే వాళ్ళు అడిగి వుంటారని గురువు నొచ్చుకుని, యేడాది పాటు ఆయనను దూరం పెట్టాడు. ఇది కొంచెం కఠినమని నాకు అనిపించక మానదు. పిల్లల ఆకలి చిన్న విషయం కాదు. కాని ఆయనే అమీర్ ఖుస్రోను కొలువు మానమని యేనాడూ అనలేదు. కవి కవిగా కొలువులో వుండవచ్చు. పదిమందికి దారి చూపవలసిన బాధ్యత తీసుకున్నవాడు వుండరాదు. ఈ తేడా ఆయన మనసులో స్పష్టంగా వుంది.

గండాలు

అసలు పరీక్ష అల్లావుద్దీన్ తరువాత వచ్చింది. 1316లో గద్దె యెక్కిన కుతుబుద్దీన్ ముబారక్ తన అన్న ఖిజర్ ఖాన్ ను చంపించాడు. ఖిజర్ ఖాన్ నిజాముద్దీన్ శిష్యుడు కనుక గురువు మీద కూడా పగపట్టాడు. దర్బారీలెవరూ ఘియాస్పూర్ వెళ్ళరాదని హుకుం జారీ చేశాడు. వాళ్ళ కానుకలు ఆగితే వంటశాల తనంతట తానే మూతపడుతుందని లెక్క. నిజాముద్దీన్ తన సేవకుడు ఇక్బాల్ ను పిలిచి, రేపటి నుంచి వంట రెట్టింపు చెయ్యమన్నాడు. వంటశాల ఆగలేదు. నెలపొడుపు నాడు నగరంలోని పెద్దలంతా వచ్చి సుల్తానుకు సలాము చెయ్యాలని ఆచారం. ఈయన ఇక్బాల్ ను పంపేవాడు. సుల్తాను మండిపడి, వచ్చే నెలపొడుపుకు స్వయంగా రాకపోతే యీడ్పించుకు వస్తానన్నాడు. ఈయన తల్లి సమాధి దగ్గరకు వెళ్ళి ప్రార్థించి వచ్చి మామూలుగా తన పనిలో తానున్నాడు. ఆ గడువు రాకముందే, 1320లో, సుల్తానును అతని నమ్మినబంటు ఖుస్రో ఖానే చంపించాడు.

ఖుస్రో ఖాన్ గద్దె యెక్కి, తనకు మద్దతు కోసం ఫకీర్లందరికీ ఖజానా లోంచి డబ్బు పంచాడు. నిజాముద్దీన్ కు అయిదు లక్షల టంకాలు వచ్చాయి. ఆయన వచ్చినవి వచ్చినట్టే బీదలకు పంచేశాడు. కొద్ది నెలలకే ఘియాసుద్దీన్ తుగ్లక్ రాజయ్యాడు. పంచిన సొమ్ము వెనక్కి ఇమ్మని అందరినీ అడిగాడు. చాలామంది దాచుకున్నవి తెచ్చి ఇచ్చారు. అది ప్రజల సొమ్ము, ప్రజలకే చేరింది, నేను నా కోసం ఒక్క కాసు వుంచుకోలేదని నిజాముద్దీన్ చెప్పాడు. రాజమండ్రి శాసనంలో పేరున్న సుల్తాను ఈయనే. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఆ తరువాత కొందరు పండితులు, ఈ ఫకీరు మఠంలో పాటలు పాడిస్తున్నాడు, అది మతవిరుద్ధమని ఫిర్యాదు చేశారు. విచారణకు రమ్మంటే మాత్రం నిజాముద్దీన్ వెళ్ళాడు. సలాము కోసం పిలిస్తే వెళ్ళనివాడు, ధర్మం మీద జవాబు చెప్పమంటే వెళ్ళాడు. పండితుల సభ యెదుట తన వాదం వినిపించాడు. సంగీతాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ యేదీ వెలువడలేదు.

బెంగాలు దండయాత్ర నుంచి తిరిగి వస్తూ, తాను వచ్చేలోగా వూరు విడిచి పొమ్మని తుగ్లక్ కబురు పెట్టాడనీ, ఢిల్లీ ఇంకా దూరమే కదా అని ఈయన నవ్వాడనీ లోకంలో ఒక కథ వుంది. ఇది తరువాతి కాలంలో ప్రచారంలోకి వచ్చినది. ఆ కాలపు రాతల్లో లేదు. నిజంగా జరిగింది యేమిటంటే, 1325 మొదట్లో ఢిల్లీ దగ్గర అఫ్ఘన్‌పూర్ లో స్వాగతానికి కట్టిన మండపం కూలి సుల్తాను చనిపోయాడు. కొద్ది వారాలకే, 1325 యేప్రిల్ 3న, నిజాముద్దీన్ కూడా కన్నుమూశాడు. అవసాన కాలంలో ఆయన ఇక్బాల్ ను పిలిచి, కొట్లలో గింజ కూడా మిగల్చవద్దన్నాడు. ఫకీర్ల కోసమని కొంత ధాన్యం దాచినట్టు తెలిసి, బీదలను పిలిపించి కొట్ల తలుపులు తెరిపించి, పట్టుకుపొమ్మన్నాడు. తనను ఆరుబయట నేలలో పాతిపెట్టమని కోరాడు. కొత్త సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్, అనగా ఓరుగల్లును గెలిచిన ఆ ఉలుగ్ ఖానే, దాని మీద గుమ్మటం కట్టించాడు. బతికినన్నాళ్ళూ ఆయన తప్పించుకున్న రాజు చెయ్యి, చనిపోయాక తప్పలేదు.

అవతలి పక్షం

న్యాయంగా చెప్పాలంటే అవతలి పక్షం వాదం కూడా వినాలి. ముల్తాన్ లోని సుహ్రవర్ది సూఫీలు రాజులతో కలిసిమెలిసి వుండేవారు. కానుకలు, భూములు పుచ్చుకునేవారు. వారిలో షేక్ రుక్నుద్దీన్ ఢిల్లీ దర్బారుకు పల్లకీలో వెళ్తుంటే, దారి పొడుగునా జనం అర్జీలు తెచ్చి పల్లకీలో వేసేవాళ్ళట. ఆయన వాటిని సుల్తాను చేత చదివించి, పనులు చేయించి గాని కదిలేవాడు కాదు. ఇది కూడా మేలే. దగ్గరగా వుండబట్టే ఆ అర్జీలకు మోక్షం వచ్చింది. విశేషమేమిటంటే నిజాముద్దీన్ ఈయనను ద్వేషించలేదు, ఈయన నిజాముద్దీన్ ను తక్కువ చెయ్యలేదు. ఇద్దరూ ఒకరి నొకరు యెంతో గౌరవించుకున్నారు. నిజాముద్దీన్ అంత్యక్రియల నమాజు చేయించింది ఈ రుక్నుద్దీనే.

కాబట్టి దూరం ఒక్కటే దారి అని నేను వాదించను. కాని దగ్గరకు వెళ్ళేవాడు రుక్నుద్దీన్ లాగా చేతినిండా పరుల అర్జీలతో వెళ్ళాలి. మనలో చాలామందిమి యెవరి అర్జీతో వెళ్తున్నాం? సీటు కోసం, ఉద్యోగం కోసం, బదిలీ కోసం మన అర్జీతోనే కదా. ఇంటికి వచ్చిన సిఫారసు ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్న రోజు నుంచి, ఆ ఉత్తరం ఇచ్చినవాడి మీటింగుకు మనం వెళ్ళి తీరాలి, అతని మీద వచ్చిన మాటకు మనం సర్దిచెప్పి తీరాలి. విద్యార్థి సంఘానికి కూడా ఇదే వర్తిస్తుంది. హాస్టలు భోజనం గూర్చి, ఫీజుల గూర్చి అడగవలసినది యెవరినో, వారి డబ్బుతోనే వార్షికోత్సవం చేసుకుంటే అడిగే నోరు మిగలదు.

ఇది ఒక్క మతం వారి మాట కూడా కాదు. భాగవతాన్ని రాజుకు అంకితమియ్యక, మడక దున్నుకుని బతికాడని మన పెద్దలు చెప్పుకునే బమ్మెర పోతన మనవాడే. ఢిల్లీ ఫకీరూ, ఓరుగల్లు సీమ కవీ ఒకరినొకరు యెరగరు. వంద యేళ్ళకు పైగా తేడా వుంది. దేవుడి పేర్లు వేరు. కాని ఇద్దరినీ నిలబెట్టింది ఒకే సంగతి: తక్కువతో బతకడం నేర్చుకున్నారు కనుక కాదనగలిగారు.

తుగ్లకుల యేలుబడి మన గోదావరి సీమలో కొద్ది యేళ్ళే నిలిచింది. ముసునూరి నాయకులు దాన్ని తొలగించారు. ఘియాసుద్దీన్ కట్టిన తుగ్లకాబాద్ కోట పాడుబడి వుంది. నిజాముద్దీన్ కన్నుమూసి ఏడు వందల యేళ్ళు దాటినా, ఆయన దర్గాలో బీదలకు అన్నం పెట్టడం ఇంకా జరుగుతూనే వుంది. అక్కడికి వచ్చేవాళ్ళలో అన్ని మతాల వాళ్ళూ వుంటారు. మన చదువులు పూర్తయి రేపు మనలో కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు మేష్టర్లవుతారు, కొందరు నా లాంటి వాళ్ళు తిరిగి చేలకు పోతారు. యెక్కడున్నా మన ఇంటికి కూడా రెండో గుమ్మం ఒకటి వుంచుకోవాలనీ, అది వుండాలంటే ముందు మన అవసరాలు తగ్గించుకోవాలనీ మిత్రులకు మనవి చేస్తున్నాను.